మెరక దారిలో మన పరుగు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఉంగుటూరు మిత్రులం హైదరాబాదు మారథాన్‌కు వెళ్ళివచ్చిన విశేషాలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. పది నిమిషాలు ఇచ్చారు. ఆ లోపే ముగిస్తాను.

మేము రోజూ తెల్లవారుజామున కాలవ గట్టు మీద పరుగెత్తేవాళ్ళం. పరుగంటే కుర్రాళ్ళ పరుగు కాదు, నడకకు కాస్త పైమెట్టు. అందరమూ అరవై దాటినవాళ్ళమే. ఒకరు హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు, ఒకరు కరెంటాఫీసు, ఒకరు రెవెన్యూ, ఇలా తలో శాఖ.

మనది బల్లపరుపు నేల. కొల్లేరు వైపు ఎత్తును కాంటూరు లెక్కన చెప్పుకుంటాం. 1999లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది ఐదో కాంటూరు దాకా. అంటే సముద్ర మట్టానికి ఐదడుగులు! హైదరాబాదు 500 మీటర్ల పైన ఉంటుంది. అయితే కష్టం ఆ ఎత్తుతో కాదు, ఎగుడుదిగుడు రోడ్లతో. అక్కడి రన్నర్స్ సంఘం 2007లో ఏర్పడింది, 2011 నుంచి మారథాన్ జరుపుతున్నారు. ఫ్లైఓవర్లూ, కొండరాళ్ళ మీద వేసిన రోడ్లూ ఎక్కి దిగాలి. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. మేము ఐదుగురం అందులో సగానికి, అంటే 21.1 కిలోమీటర్లకు పేర్లిచ్చాం.

నాలుగు నెలలు సాధన చేశాం. మెరక అలవాటు కావాలని ఆదివారాలు ద్వారకా తిరుమల కొండ దారికి వెళ్ళేవాళ్ళం. ముందుగా బి.పి., షుగరు, ఇ.సి.జి. చూపించుకున్నాం. ఇళ్ళల్లో ఒప్పించడం అంతకన్నా పెద్ద పరీక్ష. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: "ఐదుగురు వెళుతున్నారు, ఐదుగురూ కులాసాగా తిరిగి రావాలి."

మాలో మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఎత్తు ఎక్కేటప్పుడు గడియారం చూడకూడదు, ఊపిరి చూడాలి. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే పరుగు. మాట తెగితే నడక. నడిచినా ఊపిరి కుదురుకోకపోతే ఆగిపోవడమే. దిగేటప్పుడు పెద్ద అంగలు వేస్తే మోకాళ్ళు దెబ్బతింటాయి, కాబట్టి చిన్న అడుగులు.

2024 ఆగస్టులో తాడేపల్లిగూడెంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాం. ఆఖరి ఆదివారం ఉదయం హుస్సేన్ సాగర్ పక్కన నెక్లెస్ రోడ్డులో పరుగు మొదలైంది. పంజాగుట్ట దాటేదాకా హుషారుగానే ఉన్నాం. జూబ్లీ హిల్స్ వైపు ఎక్కుతుండగా హెడ్మాస్టరు గారి మాట తడబడింది. అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పారు. చేతులు వణుకుతున్నాయి, చల్లటి చెమట. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. ఆ ఉదయం మాత్ర వేసుకున్నారు కానీ సరిగా తినలేదు.

కరెంటాఫీసు మిత్రుని జేబులో గ్లూకోజు పొట్లం ఉంది. మూడు చెంచాల పొడి నీళ్ళలో కలిపి తాగించి, వైద్య శిబిరానికి నడిపించాం. అక్కడ చూస్తే షుగరు 61. డెబ్భైకి తగ్గితే ప్రమాదమేనని డాక్టరు గారన్నారు. పావుగంట తరువాత 94కి వచ్చింది. ఇక పరుగు వద్దన్నారు. "నా వల్ల మీరు ఆగవద్దు, వెళ్ళండి" అని మాస్టారు బతిమాలారు. ముగ్గురు వెళ్ళారు, నేను ఉండిపోయాను. ఇంకా సగానికి పైగా దూరం మిగిలి ఉంది. నాలుగు నెలల సాధన అక్కడ ఆగిపోతే బాధ కలగలేదంటే అబద్ధమే. కానీ ఆయన్ను ఒక్కరినీ ఊరుగాని ఊళ్ళో వదిలిపెట్టి పతకం తెచ్చుకుంటే, అది గూట్లో పెట్టి ఎవరికి చూపిస్తాను?

మిగతా ముగ్గురూ గచ్చిబౌలి స్టేడియం చేరి పరుగు పూర్తి చేశారు. ఐదుగురం కలిసే రైలెక్కాం. డాక్టరు గారు మాస్టారి మాత్రల వేళ మార్చారు. రెండు నెలల్లో ఆయన మళ్ళీ గట్టు మీదికి వచ్చారు.

వయసు అడ్డమా అని అడిగేవారికి ఫౌజా సింగ్ గారి సంగతి చెబుతాను. పంజాబు రైతు, ఇంగ్లండులో స్థిరపడి, 89 ఏళ్ళ వయసులో 2000లో లండన్ మారథాన్ పరుగెత్తారు. 2011లో టొరంటోలో నూరేళ్ళ వయసులో పూర్తి చేశారు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వారు రికార్డు ఇవ్వలేదు. బతికున్నామని ఏటా సర్టిఫికెట్ ఇచ్చే మనకు ఆ ఇబ్బంది తెలియనిదా! అంతటివారు 114 ఏళ్ళ వయసులో, 2025 జూలైలో, సొంత ఊరి దగ్గర రోడ్డు మీద కారు గుద్ది చనిపోయారు. అందుకే మన ఊరి పక్క హైవే మీద ఎవరూ పరుగెత్తవద్దు, నడవవద్దు. గట్టే మనకు క్షేమం.

చివరగా రెండు మనవులు. షుగరున్నవారు నడకకు బయలుదేరేటప్పుడు జేబులో గ్లూకోజు, పేరు, ఇంటి ఫోను నంబరు రాసిన కాగితం ఉంచుకోండి. గుండెల్లో బరువుగా, నొప్పిగా ఉంటే ఓర్చుకోకుండా వెంటనే ఆగి 108కి ఫోను చేయించండి. ఇక రెండవది, ఒంటరిగా వెళ్ళకండి. మన మాట తడబడిందని మనకు తెలియదు, పక్కనున్న మనిషికే తెలుస్తుంది.