అంగుష్ఠమాత్ర కెమెరాలు



మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలో అటకలు సర్దునప్పుడు పాత రేడియోలు, గడియారములు బయటపడుట వింత కాదు. కొంత కాలము క్రిందట ఎల్.బి. నగరులోని నా మిత్రుని ఇంట, కీర్తిశేషులైన ఆయన తండ్రిగారి పెట్టెలో చేతివ్రేలంత లోహపు వస్తువొకటి దొరికినది. దానికొక సన్నని గొలుసు. రెండు కొనలు పట్టి లాగగా చిన్న కటకము కనబడినది. "ఇది గూఢచారుల కెమెరా!" అని మొదట అన్నవాడను నేనే.

దాని పేరు మినాక్స్. దానిని రూపొందించిన వాల్టర్ జాప్ 1905లో రీగా నగరమున జన్మించినాడు. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారులైన రాజా దీన్‌దయాళ్ గారు పరమపదించినది ఆ సంవత్సరమే. దీన్‌దయాళ్ గారు గాజు పలకలపై చిత్రములు తీసినారు. జాప్ కెమెరాలో ఒక్కొక్క చిత్రము 8 మిల్లీమీటర్ల వెడల్పు, 11 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే, అనగా చిటికెనవ్రేలి గోరంత. దాని తయారీ 1938లో రీగాలో ఆరంభమై, యుద్ధానంతరము 1948 నుండి జర్మనీలో సాగినది.

జాప్ కోరినది గూఢచర్యము కాదు, ఎల్లవేళల జేబులో నుండదగిన కెమెరా. అయితే 20 సెంటీమీటర్ల దూరము నుండి కాగితమును స్పష్టముగా తీయగలుగుట, ఆ దూరమును గొలుసుతోనే కొలువగలుగుట గూఢచారులకు కలిసివచ్చినవి. 1985లో పట్టుబడిన అమెరికా నౌకాదళ మాజీ ఉద్యోగి జాన్ వాకర్ రహస్య పత్రములను మినాక్స్‌తోనే చిత్రించినాడు. ఇట్టి కథల వలన, పెండ్లి విందులను మాత్రమే చూచిన చిన్న కెమెరాలకు సైతము నేడు గూఢచారి బిరుదు తగిలించి అమ్ముచున్నారు.

మిత్రుడు దానిని పాత వస్తువుల వర్తకునకు చూపినాడు. "మీ నాయన రహస్య శాఖలో పనిచేసిండని ఒక కాగితం రాసియ్యండి సార్, రెట్టింపు ఇస్తా" అన్నాడట ఆ వర్తకుడు. మిత్రుని కుమార్తె వివాహము దగ్గరపడినది. ధనము అవసరమే. రెండు రాత్రులు ఆయనకు నిద్ర పట్టలేదు. తండ్రిగారు కళాశాల అధ్యాపకులు. ఇంటికి ఇవ్వని గ్రంథముల పుటలను గ్రంథాలయములో అనుమతితో తీసికొనుటకే ఆ కెమెరాను వాడినారు. ఆ నెగెటివులు నేటికిని ఒక కవరులో భద్రముగా నున్నవి.

"మా నాయన బ్రతికినన్నాళ్లు దొంగచాటు పని ఒక్కటి చేయలేదు. పోయిన తరువాత నేను చేయించలేను" అని మిత్రుడు నిజమే వ్రాసి, మామూలు ధరకే ఇచ్చివేసినాడు. నెగెటివులను మాత్రము ఉంచుకొన్నాడు. నా తొందరపాటు మాటకు నేను సిగ్గుపడితిని.

పాత వస్తువులు సేకరించువారికి నా మనవి రెండే మాటలు. ఫిలిం గది మూతను వెలుతురులో తెరువకుడు, లోపల ఎవరి ముఖములున్నవో! వస్తువుతోపాటు అది ఎవరిది, దేనికి వాడినారు అన్నది ఒక చీటీపై వ్రాసి ఉంచుడు. ఆ చీటీ లేనినాడు వర్తకుడు చెప్పినదే చరిత్ర యగును.