ప్రాణవాయువూ పసికందు చూపూ

కంటివైద్యానికే జీవితం ధారపోసిన ఒక పెద్దాయన పేరిట జరుగుతున్న ఉపన్యాసం ఇది. ఆ వైద్యం సాధించిన ఘనతలన్నీ వరసగా చదివి వినిపించడం కన్నా ఒక్క జబ్బు చరిత్రను నిదానంగా పరిశీలించడమే ఆయన స్మృతికి తగిన పని అనుకున్నాను. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డల రెటీనాను దెబ్బతీసే జబ్బు అది. ఇవాళ దాన్ని ఆర్‌ఓపీ అంటున్నాం. ఏ చికిత్స మేలో నిజంగా తెలియనప్పుడు చీటీ వేసి కొందరికి ఒకటి, కొందరికి మరొకటి ఇచ్చి పోల్చడం నిర్దయ అని చాలామంది భావిస్తారు. అలా పోల్చకుండా నమ్మకం మీద నడిచిన వైద్యమే ఎక్కువమంది కళ్ళు తీసిందన్నది నా వాదం. ఆ పోలికకూ హద్దులున్నాయి, వాటినీ చెబుతాను.

తల్లి కడుపులో దాదాపు 16వ వారం నుంచి రెటీనాలో రక్తనాళాలు కంటినరం దగ్గర మొదలై అంచుల వైపు పాకుతాయి. అంచు చేరేసరికి నెలలు నిండుతాయి. ముందే పుట్టిన బిడ్డలో ఆ పని సగంలో ఉంటుంది. అప్పుడు అవసరానికి మించిన ఆక్సిజన్ అందితే నాళాల ఎదుగుదల ఆగిపోతుంది. కొన్ని వారాల తర్వాత, రక్తం అందని ఆ అంచు పొర ఆక్సిజన్ కోసం అలమటించి సంకేతాలు పంపుతుంది. వాటికి స్పందించి అడ్డదిడ్డంగా పుట్టుకొచ్చే పెళుసు నాళాలు చిట్లుతాయి, మచ్చకట్టి రెటీనాను లాగి ఊడదీస్తాయి. ఇదంతా ఇప్పుడు మనకు తెలుసు. 1942లో బోస్టన్‌లో థియోడర్ టెర్రీ ఈ బిడ్డల కంటిపాప వెనక తెల్లటి పొరను గుర్తించి ప్రకటించినప్పుడు ఎవరికీ తెలియదు. ఆ తర్వాతి పుష్కర కాలంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 10,000 మంది పిల్లలు గుడ్డివారయ్యారు. అందులో ఎక్కువ భాగం అమెరికా బిడ్డలే. కొత్త ఇంక్యుబేటర్లు, ధారాళంగా ఆక్సిజన్, శిక్షణ పొందిన నర్సులు ఉన్న మంచి ఆసుపత్రులలోనే జబ్బు విజృంభించింది. శ్రద్ధ ఎక్కువైన చోటే చూపు పోతోందని ఊహించడానికి ఎవరి మనసు ఒప్పుకుంటుంది?

కారణం కోసం వెతుకులాటలో విటమిన్ లోపాన్ని, ఇనుము మందులను, వెలుతురును, ఇంకా ఎన్నిటినో అనుమానించారు. వాటన్నిటిలో ఏసీటీహెచ్ అనే హార్మోను కథ దగ్గర కాసేపు ఆగాలి. న్యూయార్క్‌లో విలియం సిల్వర్‌మన్ బృందం జబ్బు మొదలైన 31 మంది బిడ్డలకు ఆ హార్మోను ఇస్తే 25 మంది మామూలు చూపుతో ఇంటికి వెళ్ళారు. అదే నగరంలో ఆ మందు వాడని మరో ఆసుపత్రిలో ఏడుగురిలో ఆరుగురికి చూపు పోయింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలని అక్కడే ఆగిపోయే వైద్యులే ఎక్కువ. సిల్వర్‌మన్ ఆగలేదు. బిడ్డలను చీటీ ప్రకారం రెండు వర్గాలు చేసి చూస్తే, హార్మోను పొందినవారిలో మూడోవంతు మందికి, పొందనివారిలో అయిదోవంతు మందికి చూపు పోయింది. హార్మోను వర్గంలో చావులూ ఎక్కువే. తొలిదశలో ఉన్న ఈ జబ్బు చాలామందిలో తనంత తానే తగ్గిపోతుంది, ఆ కీర్తి మందుకు దక్కింది. అనుభవజ్ఞుడైన వైద్యుడి కంటిచూపుకు పోలిక అక్కర్లేదనేవారికి ఇదే నా జవాబు. అనుభవం అబద్ధం చెప్పదు గానీ, మందు ఇవ్వకపోతే ఏమయ్యేదో దానికి కనబడదు.

ఆక్సిజన్ మీద అనుమానం 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ రాతల్లో స్పష్టంగా బయటపడింది. ధారాళంగా ఇచ్చిన చోట జబ్బు ఎక్కువ, పొదుపుగా ఇచ్చిన చోట తక్కువ. ఈలోగానే వాషింగ్టన్‌లోని గాలింజర్ ఆసుపత్రిలో ఆర్నాల్ పాట్జ్ రెండు మోతాదులను పోల్చడం మొదలుపెట్టారు. తక్కువ ఆక్సిజన్ వర్గంలోని బిడ్డలకు రాత్రిపూట నర్సులు వాయువు పెంచేవారు. బిడ్డ ఊపిరాడక చనిపోతుందన్న భయం వాళ్ళది. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ భయం నిజమా కాదా అన్నది లెక్కతోనే తేలాలి. 1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి, వి. ఎవరెట్ కిన్సీ సమన్వయంలో, 1500 గ్రాముల లోపు బరువున్న 786 మంది బిడ్డలతో ఉమ్మడి పరీక్ష చేపట్టాయి. ఆక్సిజన్ అలవాటుగా ఇచ్చిన వర్గంలో బతికిన 53 మందిలో 12 మందికి, అవసరం మేరకే ఇచ్చిన వర్గంలో 533 మందిలో 38 మందికి కంట్లో మచ్చ మిగిలింది. అంటే 23 శాతం, 7 శాతం. చావుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఫలితాలు 1954లో వెల్లడయ్యాక ఆక్సిజన్ వాడకం ఒక్కసారిగా తగ్గింది, ఆ అంధత్వపు వెల్లువ తీసింది.

ఇక్కడితో ముగిస్తే వినడానికి బాగుంటుంది గానీ చరిత్ర అబద్ధమవుతుంది. ఆ పరీక్షలో బిడ్డలను పుట్టిన 48 గంటల తర్వాతే చేర్చుకున్నారు. అప్పట్లో అతి చిన్న బిడ్డల చావుల్లో ఎక్కువ భాగం ఆ రెండు రోజుల్లోనే జరిగేవి. ఆక్సిజన్ తగ్గిస్తే ఆ గంటల్లో ఏమవుతుందన్న ప్రశ్నను పరీక్ష అడగనేలేదు. వైద్యలోకం మాత్రం జవాబు వచ్చినట్టే నడుచుకుంది. 1973లో కెన్నెత్ క్రాస్ వేసిన అంచనా ప్రకారం చూపు దక్కిన ఒక్కో బిడ్డకు పదహారు మంది ప్రాణాలు పోయి ఉండవచ్చు. అంకె అటూ ఇటూ కావచ్చు, సందేహం మాత్రం బలమైనది. అమెరికాలో 1316 మంది బిడ్డలతో జరిగి, 2010లో ఫలితాలు వెలువడిన సపోర్ట్ పరీక్ష ఈ ప్రశ్నను నేరుగా అడిగింది. రక్తంలో ఆక్సిజన్ సంతృప్తతను 85 నుంచి 89 శాతం మధ్య ఉంచితే బతికినవారిలో తీవ్రమైన కంటిజబ్బు 8.6 శాతం, 91 నుంచి 95 మధ్య ఉంచితే 17.9 శాతం. కానీ ఆసుపత్రి వదలకముందే చనిపోయినవారు తక్కువ ఆక్సిజన్ వర్గంలో 19.9 శాతం, ఎక్కువ వర్గంలో 16.2 శాతం. కన్నా ప్రాణమా అన్న ఎంపిక కళ్ళెదుట నిలిచింది. ఇప్పుడు చాలా చోట్ల పై స్థాయిని ఎంచుకుని, కంటికి వచ్చే ముప్పును సకాలంలో పరీక్షించి లేజర్‌తో అడ్డుకుంటున్నారు.

ఈ సపోర్ట్ పరీక్ష మీదే గట్టి అభ్యంతరం లేచింది. చావు, అంధత్వం రెండింటి ముప్పునూ తల్లిదండ్రులకు సరిగా చెప్పలేదని 2013లో అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ కార్యాలయం ఆక్షేపించింది. ఆ విమర్శ న్యాయమైనదే. పసిబిడ్డ తన మాట తాను చెప్పలేదు, దాని తరఫున ఒప్పుకునేవారికి నిజం పూర్తిగా తెలియాలి. అయితే ఈ విమర్శ సమ్మతి పత్రం మీదిది. పోలిక అనవసరమని దీని నుంచి తేల్చడం పొరపాటు. పరీక్ష జరగకపోయి ఉంటే ఏదో ఒక స్థాయిని ఏ రుజువూ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ప్రతి వార్డులోనూ అమలు చేస్తూనే ఉండేవారు.

పరాయి దేశపు ఫలితాలు తెచ్చుకుని వాడుకుంటే చాలదా అన్నది మరో మాట. హైదరాబాదు అనుభవం చాలదనే చెబుతోంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్ర జలాలి బృందం 1997 ప్రాంతం నుంచి జంటనగరాల నవజాత శిశు కేంద్రాలకు వెళ్ళి బిడ్డల కళ్ళు పరీక్షించింది. అమెరికాలో 1500 గ్రాముల లోపు బరువు లేదా 30 వారాల లోపు పుట్టుక అన్న గీత గీసుకున్నారు. మన దగ్గర అంతకన్నా బరువైన, పెద్ద బిడ్డలకూ తీవ్రమైన జబ్బు వస్తోందని తేలింది. గాలితో కలపని ఆక్సిజన్, ఇన్ఫెక్షన్లు, సరిగా బరువు పెరగకపోవడం అందుకు కారణాలుగా చెబుతారు. అందుకే మన దేశంలో 2000 గ్రాముల లోపు లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డలకు ముప్ఫై రోజులు నిండకముందే మొదటి కంటిపరీక్ష జరగాలంటున్నాం, మరీ చిన్నవారికైతే రెండు మూడు వారాలకే. అంధత్వం తప్పాలంటే, లేజర్ అవసరమని తేలాక రెండు మూడు రోజులకు మించి జాప్యం చేయకూడదు.

ఇప్పుడు మన జిల్లాల్లో మిగిలిన చిక్కు ఏమిటంటే, ఆ ముప్ఫై రోజులు నిండేలోపే చాలామంది బిడ్డలు ఇంటికి వెళ్ళిపోతారు. బిడ్డ పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, కళ్ళు పైకి మామూలుగానే ఉన్నాయి. అలాంటప్పుడు కూలి పోగొట్టుకుని బస్సెక్కి రావాలని తల్లికి ఎందుకు అనిపిస్తుంది? పరీక్ష తేదీని డిశ్చార్జి కాగితం మీద రాసిస్తే సరిపోతుందా, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి చెబితేనే వస్తారా, లేక బిడ్డను పంపించేముందే ఒకసారి కన్ను చూడడం మేలా? ఒక్కొక్కరు ఒక్కొక్కటి గట్టిగా నమ్ముతున్నారు. కొన్ని ఆసుపత్రులు కలిసి తల్లిదండ్రులకు విషయం పూర్తిగా చెప్పి, చీటీ వేసి, ఎంతమంది బిడ్డలు గడువులోగా పరీక్షకు వచ్చారో లెక్కపెడితే జవాబు వస్తుంది. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.