ఫ్లోరైడు లేని పేస్టు వాడవచ్చునా?

చిత్తూరునుండి తిరుపతికి పోవు త్రోవలో, పూతలపట్టువంటి ఊళ్ళలో సయితము, నేడు ఏ దుకాణమునకు వెళ్ళినను పలువిధములైన పేస్టులు కానవచ్చును. కొన్నిటిపై ఫ్లోరైడు కలదనియు, కొన్నిటిపై లేదనియు అచ్చువేసి యుందురు. రెండును గొప్పలుగనే చెప్పబడుచున్నవి. ఫ్లోరైడు విషమని విని, అది లేని పేస్టును వాడి చూడదలచిన గృహస్థులు పెక్కుమంది యున్నారు. పసిపిల్లల పలువరుసకు సంబంధించిన విషయము గనుక, దీనిని తీరికగా విచారింపవలసి యున్నది.

ఈ వివాదమునకు మూలము నీటిలో నున్నది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున 1901లో ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు వృత్తి నారంభించి, అచ్చటివారి పండ్లపై గోధుమవన్నె మచ్చలను చూచెను. త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని తేలుటకు 1931 వరకు పట్టినది. అయితే మచ్చపడిన ఆ పండ్లు పుచ్చుట మాత్రము అరుదు. మితి మీరినచో మచ్చ. మితముగా నున్నచో రక్ష. ఈ యెరుకతోనే 1945లో గ్రాండు రాపిడ్సు నగరమున త్రాగునీటిలో ఫ్లోరైడును కొలిచి కలిపిరి. పిమ్మట అది పేస్టులలో ప్రవేశించినది.

మన తెలుగునాట కథ వేరు. ఇచ్చట ఎవరును కలుపకయే నేల దానిని ఇచ్చినది. అనేక గ్రామములలో మితిమీరి ఇచ్చినది. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని లోకమునకు వెల్లడించిరి. ఆ వ్యాధి పండ్లతో నాగక ఎముకలను బిగించి, వెన్నును వంచి, మనిషిని నడువనీయదు. నల్లగొండ జిల్లావారు పడిన బాధ అందరెరిగినదే. పటిక, సున్నములతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి ఆ జిల్లా పేరే నిలిచినది. రాతినేలలో లోతుగా దింపిన బోర్ల నీటిలో ఫ్లోరైడు అధికముగా నుండుట రాయలసీమలోను కలదు.

కనుక ఫ్లోరైడనిన మనవారు జంకుట అకారణము కాదు. కాని మొదట అనుమానింపవలసినది నీళ్ళబిందెను. లెక్క చూడుడు. భారతీయ ప్రమాణము ననుసరించి లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు లోపుగా నుండవలెను. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు అంగీకరింతురు. 3 మిల్లీగ్రాములున్న బోరునీటిని ఒక బిడ్డ దినమునకు లీటరు త్రాగినచో, ఆ మూడును కడుపులోనికే పోవును. ఇక పేస్టులో పదిలక్షల పాళ్ళకు 1000 పాళ్ళకు మించి ఫ్లోరైడు ఉండరాదని మన దేశపు నిబంధన. బఠానీగింజంత పేస్టు రమారమి పావుగ్రాము. దానిని బిడ్డ పూర్తిగా మ్రింగినను లోనికి పోవునది పావు మిల్లీగ్రాము మాత్రమే. నీటి సంగతి చూడక పేస్టును మార్చుట, చెరువు గండిని విడిచి కాలువను పూడ్చుట వంటిది.

ఫ్లోరైడు చేయు మేలేమి? తీపి తిన్నపుడు నోటిలోని సూక్ష్మక్రిములు ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటి పైపొరలోని సున్నపుధాతువును కరగించును. లాలాజలము దానిని మరల పూడ్చును. ఫ్లోరైడు ఈ పూడికకు తోడ్పడి, పైపొరను గట్టిపరచును. ఫ్లోరైడు లేని మూలికల పేస్టు పాచిని తొలగించును, నోటికి హాయి నిచ్చును. వేపపుల్ల, కానుగపుల్ల చేయు మేలును అట్టిదే. పుచ్చును అడ్డుకొను ఆ ప్రత్యేకబలము మాత్రము వానికి లేదు. జపానులో 1980నుండి హైడ్రాక్సీ అపటైటు అను ధాతువు కలిపిన పేస్టులు వాడుకలో నున్నవి. ఫ్లోరైడునకు బదులు కోరువారికి ఆలోచింపదగినది అదియే. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రము పంటిపొరను అరగదీయును.

కావున చేయవలసిన పని యిది. ముందుగా మీ బోరునీటిని గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయింపుడు. ఫ్లోరైడు అధికమని తేలినచో మొదట నీటిని మార్చుడు. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు పండ్ల పైపొర లోలోపల ఏర్పడుచుండును. మచ్చలకు బీజము పడునది అప్పుడే. అట్టి ఊళ్ళలో, ఉమ్మివేయుట చేతకాని పసివారికి ఫ్లోరైడు లేని పేస్టు వాడుటను గూర్చి దంతవైద్యుని యడుగుట యుక్తము. నీరు మంచిదై, పిల్లలు మిఠాయిలు, బిస్కత్తులు తినుచున్నచో ఫ్లోరైడు పేస్టే మేలు. మూడేండ్లలోపువారికి బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠానీగింజంత చాలును. పెద్దవారు దగ్గర నుండి ఉమ్మివేయించవలెను.

ఎట్టి పేస్టు వాడినను రాత్రి పడుకొనుటకు ముందు పండ్లు తోముట మరువరాదు. ఫ్లోరైడు లేనిదానిని ఎన్నుకొన్నవారు తీపిని తగ్గించి, ఆరునెలల కొకపరి దంతవైద్యునికి చూపించుకొనవలెను. పాలపండ్లు ఊడునవే గదా యని ఉపేక్షించిన యింట, పంటిపోటుతో బిడ్డ అన్నము మాని నిద్రలేక యేడ్చుట తల్లులెరుగని బాధ కాదు.