ఎంబీబీఎస్‌తో ఆగిపోతున్న మన చేయూత



మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు.

జ్వరాలన్నీ ఒకటి కావు. టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్ కావాలి, డెంగీకి అది పనిచేయదు. ఇష్టం వచ్చినట్టు వాడితే రేపు నిజంగా అవసరమైనప్పుడు క్రిమి ఆ మందుకు లొంగదు. చిక్కు జ్వరాలను తేల్చి, ఏ మందు వద్దో కూడా చెప్పగల అంటువ్యాధుల నిపుణుడు కావాలంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ 3 ఏళ్లు, ఆపైన డీఎం 3 ఏళ్లు చదవాలి.

మన సంఘం ఉపకార వేతనం మాత్రం ఎంబీబీఎస్‌తోనే ఆగిపోతోంది. పై చదువులో స్టైపెండ్ వస్తుంది, నిజమే. కానీ అప్పటికే ఇంట్లో నాన్న అప్పు, చెల్లి పెళ్లి ఆ బిడ్డ సంపాదన కోసం ఎదురు చూస్తుంటాయి. డాక్టరయ్యాడని దండ వేసి మనం పక్కకు తప్పుకుంటున్నాం. ఆ లోపం మనదే.

ఈ ఏడాది మీ సదఖాలో కొంత ఆ ఇళ్ల బరువు దించడానికి ఇవ్వండి. ఆ నిపుణుడు బతికించే రోగులు, అతను తీర్చిదిద్దే శిష్యులు మన తర్వాతా ఉంటారు. సదఖా జారియా అంటే అదే కదా!