శుభలేఖ: కొందామా, చేసుకొందామా?



పెండ్లి నిశ్చయమైన యింట ముందుగా వచ్చే మాట శుభలేఖలది. చెన్నపట్నంలో స్థిరపడిన మనకు ఆండర్సన్ వీధి అంగళ్లు ఉండనే ఉన్నవి. అక్కడ కొనడమా, ఇంట చేసుకోవడమా?

ముందు లెక్క చూతము. స్క్రీన్ అచ్చుకు చట్రం సిద్ధంచేసే ఖర్చు 50 కార్డులకైనా, 500 కార్డులకైనా ఒక్కటే. కనుక ఎక్కువ వేయించేకొద్దీ ఒక్కొక్క కార్డు ధర తగ్గుతుంది. ఇంటిపనిలో ఆ సదుపాయం లేదు. దళసరి ఏ4 కాగితాన్ని రెండుగా కోసి మడిస్తే రెండు శుభలేఖలు. నూటికి 50 కాగితాలు చాలును. నూరు దాటితే మాత్రం చేతులు నొస్తవి, కొనడమే మేలు.

కాని అసలు సంగతి డబ్బు కాదు. మా పెద్దమ్మాయి పెండ్లికి ఒక అంగడిలో వేయించినాము. చిత్తుప్రతి సరిచూడకనే సరే అన్నాము. తీరా చూస్తే వధువు పేరులోని ఒత్తులు ఊడి పక్కన కూర్చున్నవి! మార్చే వ్యవధి లేదు. ఊరినుండి వచ్చిన మేనత్తగారు చదివి, “మీరు తెలుగు మరచిపోయినారా నాయనా?” అన్నారు. మాకు తల వాలిపోయినది.

రెండవ అమ్మాయి పెండ్లికి ఖాళీ కార్డులే కొన్నాము. ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ మొదలు తిథి, నక్షత్రం, లగ్నం వరకు మా అమ్మ చెప్పగా, తమిళ బడిలో చదివిన మా అబ్బాయి కూడబలుక్కొని వ్రాసినాడు. ఆ దస్తూరికే నకళ్లు తీయించి కార్డులలో అతికించినాము. నలుమూలలా పసుపు ఆమె అద్దినది. ఆ పదిరోజుల్లో వాడికి తెలుగు వ్రాత పట్టుబడినది.

కార్డు కొనండి, తప్పులేదు. లోపలి తెలుగును మాత్రం ఇంటనే పుట్టనీయండి.