ఇంటి ముందు పచ్చిక



ఇల్లు కట్టుకున్నాక గేటుకీ గడపకీ మధ్య కాస్త జాగా మిగిలితే అక్కడ లాన్ వేయించుకోవాలన్న ముచ్చట ఇప్పుడు హైదరాబాదులోనూ ఉంది, కాకినాడలోనూ ఉంది. కడియం నర్సరీల నుంచి పచ్చిక తెప్పించి పరిపిస్తారు. మొదటి ఏడు కళ్ళకు చలువగా ఉంటుంది. రెండో ఏడు వానలు వెనకబట్టేసరికి అక్కడో పసుపు మచ్చ, ఇక్కడో తుంగ దుబ్బు కనబడతాయి. ఇంటాయన వెంటనే పురుగుమందుల కొట్టుకు బయల్దేరతాడు. ఆ కొట్టుకు వెళ్ళేముందు చేయవలసిన పనుల గురించే ఈ పూట నా ప్రసంగం. మన ఇళ్ళ ముందు పచ్చిక పాడయ్యేది చాలామటుకు పురుగు వల్ల కాదు. వేళ తప్పి పెట్టిన నీటివల్ల, నేలబారున గొరిగిన కోతవల్ల, గుప్పిళ్ళతో జల్లిన యూరియావల్ల. అలా నీరసించిన గడ్డి మీదికే పురుగూ తెగులూ వచ్చి చేరతాయి.

లాన్ అనగానే విదేశీ వ్యవహారం అనిపిస్తుంది గానీ అందులో ఎక్కువగా పెరిగే గడ్డి మన గరికే. వినాయక చవితి పత్రిలో పెట్టే ఈ గరికనే బయటి ప్రపంచం బెర్ముడా గడ్డి అంటుంది. శాస్త్రనామం సైనోడాన్ డాక్టిలాన్. నేల మీద పాకే తీగలతోనూ, నేల లోపల నడిచే కాండాలతోనూ రెండు దారుల్లో అల్లుకుపోతుంది. అందుకే చేలో రైతుకు అది మొండి కలుపు, ఇంటి ముందు మనకు పచ్చిక. ఎండ బాగా తగిలితేనే దానికి కళ. మామిడిచెట్టు కింద పలచబడిపోతుంది. నీడ పడేచోట వెడల్పాకుల బఫెలో గడ్డి మేలు. కొరియన్ గడ్డి సన్నని ఆకులతో, నెమ్మదిగా, బొడిపెలు బొడిపెలుగా పెరుగుతుంది. తరచు కోసే ఓపిక లేనివారికి అది నయం.

గడ్డిని పొట్టిగా, సమంగా ఉంచడం ఒకప్పుడు కొడవళ్ళ పని, గొర్రెల పని. ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్ని బట్ట మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో 1830లో గడ్డి కోసే యంత్రం తయారుచేశాడు. యంత్రం ఏదైనా సూత్రం ఒకటే. ఒక్క కోతలో గడ్డి ఎత్తులో మూడోవంతుకు మించి తీయకూడదు. వేరుకు ఆహారం తయారుచేసి పెట్టేది ఆకు. సగానికి సగం కోసేస్తే గడ్డి తన నిల్వంతా కొత్త ఆకు వేయడానికే ఖర్చుపెడుతుంది, వేరు ఎదుగుదల ఆగిపోతుంది. గరికను 3 సెంటీమీటర్ల ఎత్తున ఉంచితే చాలు, వేసవిలో 4 ఉండనివ్వండి. కోసిన మర్నాడు వంగి కొసలు చూడండి. నున్నగా తెగి ఉంటే బ్లేడు పదునుగా ఉన్నట్టు. చీలికలై తెల్లబారి ఉంటే సాన పట్టించాలన్నమాట.

ఇక కాలం సంగతి. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు అక్కడి పద్ధతులను ఇక్కడా పాటించాలని చూస్తుంటారు. అక్కడ పెరిగేది కెంటకీ బ్లూగ్రాస్ వంటి చలిగడ్డి. అది వసంతంలోనూ శరత్తులోనూ ఊపందుకుంటుంది. మనది ఎండగడ్డి. దీనికి మన కార్తెలే సరైన క్యాలెండరు.

రోహిణి కార్తెతో మొదలుపెడదాం. రోళ్ళు పగిలే ఆ ఎండల్లో ఎరువు జోలికి పోవద్దు, కోత తగ్గించండి. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పైపైన తడపడం మంచి అలవాటు కాదు. పైన తడిస్తే వేరు పైనే ఉండిపోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, తెల్లవారుజామున, లోతుగా దిగేలా పెట్టాలి. వారం మొత్తానికి 25 మిల్లీమీటర్ల నీరు చాలు. పచ్చికలో ఒక చదును అడుగు గిన్నె పెడితే ఎంత పడిందో తెలిసిపోతుంది. ఆ లెక్కన 100 గజాల లాన్ వారానికి సుమారు 2,000 లీటర్లు తాగుతుంది. బోరు ఎండి ట్యాంకర్ కొనుక్కునే ఇంట్లో అంత నీరు గడ్డికి పోయడం న్యాయం కాదు. గరికను ఎండనివ్వండి. పైన ఎండుగడ్డి రంగుకు తిరిగినా కింద కాండం బతికే ఉంటుంది, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది.

జూన్ రెండో వారంలో మృగశిర వస్తుంది. కొత్తగా పచ్చిక వేసుకోవడానికి ఇదే అదను. తొలకరి రాత్రి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు చెదలకు రెక్కలొచ్చిన రూపం. పచ్చికలో చెదలు ఎక్కువగా తినేది ఎండిన ఆకునూ చచ్చిన వేరునూ. ఎండుచెత్త ఊడ్చి, నేలను తడిగా ఉంచితే చాలావరకు తగ్గుతాయి. అదే ఇంటి గోడ వెంట మట్టి దారులు పైకి పాకుతుంటే మాత్రం ఆ పని తెలిసినవాళ్ళను పిలవాల్సిందే.

ఆ తొలకరి సాయంత్రాలే మరో జీవికీ ముహూర్తం. వేరుపురుగు పేరు వేరుశనగ రైతులకు చెప్పనక్కర్లేదు. దాని తల్లి గోధుమరంగు పెంకుపురుగు. మొదటి వాన పడగానే చీకటివేళ నేలలోంచి లేచి వేప, మునగ, రేగు చెట్ల మీద వాలి ఆకు తింటుంది. తెల్లారేలోగా మళ్ళీ మట్టిలోకి దిగి గుడ్లు పెడుతుంది. ఆ రాత్రుల్లో చెట్టు కింద పాత దుప్పటి పరచి కొమ్మలు దులిపి, రాలినవాటిని కిరోసిన్ కలిపిన నీళ్ళ బకెట్లో వేస్తే వచ్చే బాధ సగం తీరినట్టే. ఆరుద్ర కార్తెలో ఎర్రటి మఖమల్ ఒంటితో కనిపించే ఆరుద్ర పురుగును మాత్రం ఏమీ చేయకండి. ఎనిమిది కాళ్ళ ఆ జీవి సాలెపురుగుకు చుట్టం. గడ్డిని ముట్టదు, చిన్న చిన్న పురుగులనూ వాటి గుడ్లనూ తిని మనకు సాయం చేస్తుంది.

పుష్యమి నుంచి మఖ దాకా, అంటే జులై చివరి నుంచి ఆగస్టు నెలాఖరు వరకు, మబ్బూ ముసురూ. దులపగా మిగిలిన పెంకుపురుగులు పెట్టిన గుడ్లు ఈపాటికి పిల్లలవుతాయి. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు తల, ముడుచుకుని మట్టిలో పడి వేళ్ళు కొరుకుతుంటాయి. పచ్చిక పసుపెక్కినచోట రెండు చేతులతో పట్టి లాగండి. చుట్టిన చాపలా లేచి వచ్చేసిందంటే కింద వేళ్ళు లేవన్నమాట. చదరపు అడుగు మేర తవ్వి లెక్కపెట్టండి. ఒకటో రెండో కనిపిస్తే భయం లేదు. ఐదారు దాటితే మెటారైజియం అనే మేలుచేసే శిలీంద్రాన్ని మాగిన ఎరువులో కలిపి, నేల తడిగా ఉన్నప్పుడు జల్లాలి.

లాగినా గడ్డి గట్టిగానే ఉండి, గుండ్రటి గోధుమ మచ్చలు మాత్రం పడుతుంటే అది పురుగు కాదు, తెగులు. వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలాని అనే శిలీంద్రమే పచ్చికలోనూ ఈ మచ్చలు తెస్తుంది. వరిలో నత్రజని ఎక్కువైతే పాముపొడ ఎలా పెరుగుతుందో ఇక్కడా అంతే. యూరియా ఆపి, సాయంత్రం నీరు మానేసి, నిలిచిన వాననీటికి దారి ఇస్తే చాలా సందర్భాల్లో సర్దుకుంటుంది.

ఇదే అదనులో తుంగ లేస్తుంది. పైన పట్టి పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ కిందే ఉండిపోయి మళ్ళీ మొలుస్తుంది. గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి కనుక చిన్న గునపంతో లోతుగా పెకలించాలి, అదీ పట్టువదలకుండా. వయ్యారిభామ మొక్క కనిపిస్తే పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకేయండి. కొందరికి అది ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. 1847లో కలకత్తాకు చేరిన ఆఫ్రికా పెద్ద నత్త ఈనాడు మన పెరళ్ళలోనూ ఉంది. రాత్రి తడి గోనెసంచి పరిస్తే దాని కిందికి చేరుతుంది. పొద్దున్నే తొడుగులతో ఏరి ఉప్పునీళ్ళ బకెట్లో వేయండి. గడ్డి మీద మాత్రం ఉప్పు చల్లకండి, గడ్డే మాడిపోతుంది.

హస్త, చిత్త కార్తెల్లో లద్దెపురుగు దాడి చేయవచ్చు. రాత్రి మేసి పగలు మొదళ్ళలో దాక్కుంటుంది. గోరింకలూ కొంగలూ ఒకేచోట అదేపనిగా పొడుస్తుంటే అనుమానించాలి. 4 లీటర్ల నీళ్ళలో రెండు చెంచాల గిన్నెలు తోమే ద్రవం కలిపి చదరపు మీటరు మేర పోస్తే, ఉన్న లద్దెపురుగులు కొద్ది నిమిషాల్లో పైకి వచ్చేస్తాయి. ఏరేయవచ్చు. చలి రాకముందు ఆఖరి ఎరువు కూడా ఇప్పుడే. చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా, అంటే 100 గజాలకు 800 గ్రాములు మించకూడదు. పొడి గడ్డి మీద జల్లి వెంటనే నీరు పెట్టాలి. నెల్లూరు వైపు అసలు వానలు ఈ కార్తెల తర్వాతే జోరందుకుంటాయి కనుక అక్కడివారు ముందుగా మురుగు దారి చూసుకోవాలి.

చలికాలంలో గరిక నెమ్మదిస్తుంది. నీరూ కోతా తగ్గించండి. ఫిబ్రవరి చివర్లో ఎండు పొర గోకి తీసి, నేలను అక్కడక్కడ గుచ్చి, ఇసుక, వర్మికంపోస్టు, వేపపిండి కలిపి పలచగా పరిస్తే ఎండాకాలానికి బలం. వానపాములు పోసిన మట్టి కుప్పలు కనిపిస్తే సంతోషించండి, నేల గుల్లబారుతోందన్నమాట.

ఇంత చేసినా మందు తప్పనిసరి అయితే డబ్బా మీది త్రికోణం చూడండి. ఎరుపు అత్యంత విషం, పసుపు ఆ తరువాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. పసిపిల్లలు పాకే పచ్చికలో ఎరుపు, పసుపు త్రికోణాల మందులకు చోటు లేదు. ఆకుపచ్చదైనా లేబుల్ మీద రాసిన మోతాదు దాటవద్దు, చెప్పిన గడువు ముగిసేదాకా పిల్లలనూ పెంపుడు జంతువులనూ అటు పోనివ్వవద్దు.

శ్రోతలారా, ఈసారి మీ పచ్చికలో మచ్చ పడితే ముందు గడ్డి లాగి చూడండి, చారెడు మట్టి తవ్వి చూడండి, నీరు ఎప్పుడు పెడుతున్నారో గుర్తుచేసుకోండి. కారణం తెలియకుండా మాత్రం మందు కొనకండి.