కడపటి మర్యాద - మారు చట్టము - ప్రజల ధనము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవము శుభవేళ. ఇట్టి వేళ మృతులను గూర్చిన ప్రస్తావన ఏల యని కొందరికి తోచవచ్చును. కాని పుట్టుక వ్రాయించు కచేరీయందే చావును వ్రాయింపవలెను. ఒకదానిని తెలిసికొని రెండవదానిని తెలిసికొనకుండుట వివేకము కాదు. పుట్టినవానికి జరుగు ముచ్చటలు ఇంటింటికి వేరు. పోయినవానికి జరుగవలసిన మర్యాదమాత్రము ఊరందరి బాధ్యత.

గోలకొండ కోటకు సమీపమున షేక్‌పేట యున్నది. అచ్చట కుతుబ్‌షాహీల కాలపు సరాయి నేటికిని నిలిచియున్నది. బాటసారి ఒక రాత్రి తలదాచుకొని, తెల్లవారగనే సాగిపోవు చోటది. దానికి అనతిదూరమున తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన ఫిలింనగరు, జూబిలీహిల్సు. అచ్చటనే మహాప్రస్థానమను శ్మశానవాటికయు కలదు. నందమూరి హరికృష్ణ 2018లోను, సిరివెన్నెల సీతారామశాస్త్రి 2021లోను, కథానాయకుడు కృష్ణ 2022లోను కడపటి మజిలీగా చేరినది ఆ వాటికకే. నగరపాలక సంస్థయు ఫీనిక్స్ ఫౌండేషనను ప్రైవేటు సంస్థయు చేయి కలుపగా ఆ వాటిక నేటి రూపమును పొందినది. చెట్లు, నీరు, కూర్చుండుటకు తావు, శుభ్రత - ఇవి యున్న శ్మశానమును చూచి జనులు ఆశ్చర్యపడిరి. ఆశ్చర్యపడుటయే విచారింపదగిన విషయము. ఇట్టివి సర్వసాధారణములైయున్న ఎవరును ఆశ్చర్యపడియుండెడివారు కారు గదా!

పూర్వము ఈ పనికి ఖర్చు లేకపోలేదు. అది లెక్కలలో కనబడెడిది కాదు. కట్టెలు ఒకరిచ్చెడివారు, పాడె ఒకరు కట్టెడివారు, కాటికాపరికి ధాన్యము కొలిచెడివారు. అనాథప్రేతమునకు సంస్కారము చేసినవానికి కోటియజ్ఞముల ఫలమని హిందువుల పెద్దలు చెప్పుదురు. ముస్లిములకు జనాజా నమాజు, ఖననము సమూహముపైనున్న విధి: కొందరు నిర్వర్తించిన అందరి ఋణము తీరును, ఎవరును చేయకున్న అందరును దోషులు. షేక్‌పేటవంటి చోట ఈ రెండు సంప్రదాయములును ఇరుగుపొరుగున నిలిచి ఒక్కమాటయే చెప్పుచున్నవి: శవము బంధువుల సొత్తు మాత్రమే కాదు, అది ఊరి పూచీ.

కాలము మారినది. ఊరి పూచీని చట్టము తన చేతికి తీసికొనెను. ఆ చట్టములు మరల మారుచున్నవి. మారినప్పుడెల్ల ఒక ఖర్చు పుట్టుచున్నది. ఆ ఖర్చును ఎవరు మోయవలెనన్నదే నేటి ప్రశ్న.

మొదటిది చోటు. 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టము శ్మశానముల వ్యవహారమును నగరపాలక సంస్థకు అప్పగించెను. పల్లెలలో 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పిమ్మట, 2019లో మొదలైన పల్లెప్రగతి కార్యక్రమమున, గ్రామగ్రామమునకు వైకుంఠధామము కట్టవలెనని పూనిక జరిగెను. దహనపు దిమ్మెలు, స్నానపు గదులు, నీటి వసతి దానిలోని అంగములు. ఉపాధి హామీ నిధులు దీనికి చాల తోడ్పడినవి. ఇది మంచి పనియే. కాని కట్టుట ఒకనాటి ఖర్చు. నిలుపుట ప్రతినాటి ఖర్చు. మోటారు చెడిన బాగుచేయించువాడు, ముండ్లకంప కొట్టించువాడు, కాపలా యుండువాడు ఎవరు? ఆ జీతము ఏ పద్దున వ్రాయబడినది? పద్దు లేని ధామము కొలది వానలకే పాడుబడును.

రెండవది నమోదు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము ఇరువదియొక్క దినములలో తెలిపిన రుసుము లేదు. ఆ గడువు దాటిన ఆలస్య రుసుము కలదు; సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. 2023లో ఈ చట్టము సవరింపబడి, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చెను. మరణకారణమును తెలుపు వైద్య పత్రమును ఆసుపత్రులు రుసుము గొనకుండ ఈయవలెననియు, దాని ప్రతిని దగ్గరి బంధువునకును ఇవ్వవలెననియు అందు కలదు. రుసుము లేకున్నను పని యున్నది. వైద్యుని సమయము, గుమాస్తా కూలి, యంత్రములు, తంతులు - ఇవన్నియు ప్రజాధనమునుండి రావలసినవే. ఆ ధనము చాలనిచోట భారము విధవరాలి కాళ్ళపై పడును. పింఛనుకును, భూమి మార్పునకును, బీమాకును ఆ పత్రమే ఆధారము; దానికై ఆమె కచేరీ చుట్టు తిరిగిన దినములలో పోయిన కూలిని ఏ ప్రభుత్వ లెక్కయు చూపదు.

మూడవది విచారణ. అనుమానాస్పద మరణములందు పోలీసుల పంచనామా 1973 నాటి నేరవిచారణ ప్రక్రియా స్మృతి 174వ విభాగము క్రింద జరిగెడిది. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ విభాగము దాని స్థానమున వచ్చినది. నివేదిక ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటుకు చేరవలెనని క్రొత్త గడువు పెట్టినది. అంతకుముందే, 2021 నవంబరులో, తగిన వసతులున్న ఆసుపత్రులందు సూర్యాస్తమయము పిదపను శవపరీక్ష జరుపవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ అనుమతించెను. హత్య, ఆత్మహత్య, అత్యాచారము, కుళ్ళిన శవము, అనుమానమున్న మరణము - వీనిని శాంతిభద్రతల ఆవశ్యకత లేనిదే రాత్రి పరీక్షింపరాదు. రాత్రి పరీక్షను వీడియో తీయవలెను. తెల్లవారువరకు ఆసుపత్రి గుమ్మమున కూర్చుండు కుటుంబమునకు ఇది ఎంత ఊరట! కాని దానికి పగటివంటి వెలుతురు, రెండవ వంతు వైద్యుడు, సహాయకుడు, శీతలపు గది కావలెను. అనుమతి కాగితముపై ఉచితముగ వచ్చును. దీపము ఉచితముగ వెలుగదు.

నాలుగవది దానము. అవయవముల మార్పిడికి సంబంధించిన కేంద్ర చట్టము 1994లో వచ్చెను. ఆంధ్రప్రదేశము 1995లో వేరొక చట్టము చేసికొనెను. 2013లో జీవన్‌దాన్ మొదలై, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి కేంద్రముగ పని చేయసాగెను. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ 2011 నాటి కేంద్ర సవరణలను స్వీకరించుచు తీర్మానించెను. పోయినవాని గుండె మరొకని యెదలో కొట్టుకొనుటకన్న పుణ్యమేమి! అయినను, దాత కుటుంబమునకు శవమును గౌరవముతో, ఆలస్యము లేక అప్పగించుట కూడ ఆ చట్టపు ఖర్చులోనిదేయని మరువరాదు.

చట్టమునకును ఖర్చునకును గల పెనుగులాటను తెలంగాణము 2020లో ప్రత్యక్షముగ చూచినది. మహమ్మారి దినములవి. ఆసుపత్రులలో మరణించినవారి శవములకు కోవిడు పరీక్ష జరుపకుండ అప్పగింపరాదని రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము మే నెలలో ఆదేశించెను. నిజము తెలియకున్న ఆ ఇంటివారికిని, పాడె మోసినవారికిని ప్రమాదమని ఒక వాదము. ప్రతి శవమునకు పరీక్షయన్న బ్రతికియున్నవారికి కావలసిన సాధనములును మనుష్యులును అటు మరలుదురని రెండవ వాదము. ప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోగా, జూన్ నెలలో ఆ ఆదేశము నిలుపుదల చేయబడెను. ఈ రెండు వాదములలో ఏదియు అన్యాయమైనది కాదు. మృతునియెడల సత్యము, జీవించువానియెడల రక్షణ - రెండును కావలసినవే. కాని ఒక్క సంచినుండి రెండింటికిని వెచ్చింపవలసి వచ్చినపుడు, ముందుగ లెక్క వేసికొనని సమాజము న్యాయస్థానపు మెట్లపై లెక్క వేసికొనవలసి వచ్చును.

ఖర్చు చేయకుండుట కూడ ఒక ఖర్చే. 2016 నవంబరులో ఒక నిరుపేద, హైదరాబాదు చెంతనున్న లింగంపల్లినుండి వికారాబాదువరకు తన భార్య శవమును తోపుడుబండిపై నెట్టుకొని పోయెను. బండి కిరాయికి వానివద్ద పైకము లేదు. ఆ బాట షేక్‌పేటకు దవ్వు కాదు. ఒకప్రక్క మేడలు, ఒకప్రక్క వెండితెర వెలుగులు. నడుమ ఆ బండి. ఏ చట్టమును ఆతడు ఉల్లంఘింపలేదు; ఏ చట్టమును ఆతనికి అక్కరకు రాలేదు. ఆ నెలలోనే ప్రభుత్వాసుపత్రులనుండి శవములను ఉచితముగ ఇండ్లకు చేర్చు వాహనములను రాష్ట్ర ప్రభుత్వము ప్రారంభించెను. ఆ వాహనముల నూనెకును చోదకుని జీతమునకును అగు వ్యయమును ఎవరైన దుబారా యని పలికిన, ఆ తోపుడుబండిని ఒక్కసారి తలచుకొనవలెను.

గౌరవముగ జీవించు హక్కు మరణముతో సమసిపోదని, శవమునకును మర్యాద కలదని 1995లో సుప్రీముకోర్టు చెప్పినది. ఇల్లులేనివారి శవములకును వారి మతాచారానుసారము సంస్కారము జరుగవలెనని 2002లో మరల చెప్పినది. తీర్పు వ్రాసినవారు మర్యాదను వ్రాసిరి. మర్యాదకు కావలసిన కట్టెను, గుంతను, గుడ్డను స్థానిక సంస్థ సమకూర్పవలెను. తీర్పునకును కట్టెకును నడుమనున్న దూరమే ప్రజాధనపు ప్రశ్న.

కావున చట్టము మారునపుడు పౌరులు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ మార్పువలన క్రొత్తగ చేయవలసిన పని ఏది? ఆ పని చేయువాడెవడు, వాని జీతము ఏ పద్దునుండి వచ్చును? పద్దు చాలనిచో ఆ భారము ఎవరి నెత్తిపై పడును? మూడవదానికి జవాబు సాధారణముగ ఒక్కటే: అడుగలేనివాని నెత్తిపై. ఈ ప్రశ్నలు ఖర్చును తగ్గించుటకు కాదు. దానిని వెలుగులోనికి తెచ్చుటకు. దాచిన ఖర్చు ఎల్లప్పుడును పేదవానిదే యగును.

గ్రంథాలయమునకు ఇందు పని యున్నది. మరణపు నమోదు గడువులను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు తగిలించవచ్చును. దరఖాస్తులను నింపుట రానివారికి చదువుకొన్న యువకులు సాయంకాలము ఒక గంట తోడ్పడవచ్చును. గ్రామసభలో బడ్జెటు చదువునపుడు శ్మశానపు పద్దు ఉన్నదా యని ఒక్కరైన లేచి అడుగవచ్చును. మహాప్రస్థానములోని శుభ్రత ప్రఖ్యాతుల వీడ్కోలునకే కాక, పేరులేనివాని వీడ్కోలునకును దక్కవలెనని కోరవచ్చును.

సరాయియందు దిగిన బాటసారి తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పడు. అయినను దానిని కట్టించిన కాలపు మంచితనమునకు ఆ రాళ్ళే సాక్ష్యము. పోయినవారును కృతజ్ఞత చెప్పరు. వారికి చేసిన మర్యాద, బ్రతికియున్నవారి మంచితనమునకు సాక్ష్యమై నిలుచును. ఆ సాక్ష్యమునకై వెచ్చించిన ధనము వ్యర్థము కాదు. దానిని అందరును పంచుకొని మోసినపుడే అది న్యాయము.

స్వస్తి.